కళింగపట్నం ఇంటికి రోజువారీ అద్దె: డిపాజిట్ ఎంత తీసుకోవాలి, ఎంతవరకు కోసుకోవచ్చు?

ప్రశ్న
రాసినవారు: వంశధార ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. గార మండలం కళింగపట్నంలో మా నాన్నగారు కట్టించిన రెండు పడకగదుల ఇల్లు ఉంది. ఆయన పోయిన తర్వాత మూడేళ్లు తాళం వేసే ఉంచాం. సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టి, గోడలు ఉప్పు తేలి పెచ్చులూడుతుంటే చూడలేక, మా అన్నయ్యా నేనూ కలిసి మరమ్మతులు చేయించి ఏడాదిన్నరగా రోజువారీ అద్దెకు ఇస్తున్నాం. అద్దె రాత్రికి 2,500 రూపాయలు. విశాఖపట్నం నుంచి శని, ఆదివారాల్లో వచ్చే కుటుంబాలు, బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చేవారు, అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు చేసుకుని ఒక రాత్రి సముద్రం దగ్గర గడుపుదామనుకునే హైదరాబాద్ వారు ఎక్కువగా దిగుతుంటారు. నేను శ్రీకాకుళం పట్టణంలో ఉంటాను. తాళాలు ఇవ్వడం, తీసుకోవడం పక్కింట్లో ఉండే మా చిన్నాన్న చూసుకుంటారు.

అద్దె కాకుండా 2,000 రూపాయలు డిపాజిట్ తీసుకుంటున్నాం. దాని విషయంలో జరిగిన రెండు సంగతులు నన్ను చాలా ఇబ్బంది పెట్టాయి. కార్తీక మాసంలో దిగిన ఒక కుటుంబం వెళ్లిన తర్వాత చూస్తే పరుపు మీద పసుపు, నూనె మరకలు పడి ఉన్నాయి, పొందూరు ఖాదీ దుప్పటి ఒకటి పనికిరాకుండా పోయింది, మా అమ్మ వాడిన బుడితి ఇత్తడి చెంబు కనబడలేదు. ఫోన్ చేసి అడిగితే ఆ చెంబు తాము వచ్చినప్పుడే లేదన్నారు. ఉందని చూపడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నాను, కాని ఆ చెంబు వారే తీసుకెళ్లారని నేను ప్రమాణం చేసి చెప్పగలనా అంటే చెప్పలేను.

రెండోది సంక్రాంతి రోజుల్లో జరిగింది. వయసు మళ్లిన దంపతులు రెండు రాత్రులు ఉన్నారు. వారు బయలుదేరే సమయానికి ఫ్యాన్ రెగ్యులేటర్ పని చేయడం లేదని చిన్నాన్న 400 రూపాయలు కోసి మిగిలింది ఇచ్చారు. ఆ పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా పుచ్చుకుని వెళ్లారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ విప్పి చూసి, ఉప్పుగాలి లోపలి తీగలను తినేసిందని, వాడినవారి తప్పేమీ లేదని చెప్పారు. క్షమాపణ చెప్పి ఆ 400 పంపేశాను, కాని మా ఇంటి నుంచి ఆయన ఏ భావంతో వెళ్లి ఉంటారో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

డిపాజిట్ ఎంత తీసుకోవడం సబబు, దేనికి కోసుకోవచ్చు, ఎన్నాళ్లలో తిరిగివ్వాలి, చట్టం ఏం చెబుతుంది అనే విషయాలు అనుభవమున్నవారు చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు 1
రాసినవారు: కోట వీధి (విజయనగరం)

నమస్కారమండీ. విజయనగరంలో మా పాత ఇంటి మేడమీది భాగాన్ని ఆరేళ్లుగా ఇలాగే ఇస్తున్నాను. మొదట్లో నేనూ మీరు పడిన ఇబ్బందులే పడ్డాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా మాట దగ్గర జాగ్రత్త పడండి. మన వైపు అద్దె ముందుగా కొంత కట్టించుకున్నా ‘అడ్వాన్సు’ అంటాం, సామానుకు భద్రతగా తీసుకున్నా ‘అడ్వాన్సు’ అంటాం. నాకు వచ్చిన తగాదాల్లో సగం ఈ ఒక్క మాట వల్లే వచ్చాయి. వచ్చినవారు ఆ డబ్బు ఆఖరి రోజు అద్దెలో సర్దుబాటు అవుతుందనుకుంటారు, మనం తాళాలు తీసుకున్న తర్వాత తిరిగి ఇవ్వాల్సినదనుకుంటాం. ఇప్పుడు నేను రెండింటినీ వేర్వేరుగా, వేర్వేరు ఫోన్‌పే చెల్లింపులుగా తీసుకుంటున్నాను. మొదటిదానికి ‘అద్దె’ అని, రెండోదానికి ‘తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్’ అని రాయమంటాను. మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంటే ఆ తర్వాత ఎవరూ జ్ఞాపకశక్తి మీద ఆధారపడనక్కర్లేదు.

ఇక మీ చెంబు సంగతి. వారు తీసుకెళ్లారా లేదా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, ఎందుకంటే అది ఇంట్లో ఉందన్న సంగతి మీకు తప్ప ఎవరికీ తెలియదు. తాళాలు ఇచ్చేటప్పుడు గది గదికీ వీడియో తీయండి. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి వంటగది అలమార్లు, పరుపుల రెండు వైపులా, స్నానాలగది కుళాయిలు, ఏసీ రిమోట్, గీజర్ స్విచ్ వరకు ఆగకుండా ఒకే వీడియోగా తీసి, అక్కడే వారి నంబరుకు పంపండి. ఏవైనా లోపాలు కనబడితే గంటలోపు తెలపమని అడగండి. అది మీకు ఎంత రక్షణో వారికీ అంతే రక్షణ. గోడ మీద గీత ముందే ఉందని వారు చూపించగలిగితే ఆ గీత గురించి మీరు మళ్లీ అడగరు. మీ చిన్నాన్నగారికి ఇది ఒకటి రెండుసార్లు దగ్గరుండి నేర్పితే చాలు, ఐదు నిమిషాల పని.

ఎంత తీసుకోవాలన్నదానికి నా లెక్క ఇది. ఒక బసలో మామూలుగా పాడయ్యే అవకాశం ఉన్న వస్తువులేవో చూసుకుని, వాటిలో ఖరీదైన ఒకటి రెండింటిని బాగు చేయించడానికి అయ్యే ఖర్చుకు సరిపడా తీసుకోవాలి. నేను ఒక రాత్రి అద్దెకు సమానంగా తీసుకుంటాను. ఏసీ, ఫ్రిజ్ పూర్తిగా పాడైతే డిపాజిట్ ఎలాగూ చాలదు, అంత మొత్తం అడిగితే ఎవరూ రారు. అటువంటి పెద్ద నష్టాలకు ఇంటి బీమాలో గృహోపకరణాలను చేర్చుకోవడం మేలు. పాలసీ తీసుకునేటప్పుడు రోజువారీ అద్దెకు ఇస్తున్న సంగతి మాత్రం దాచకుండా చెప్పండి.

సిరిమానోత్సవం రోజుల్లో, అంటే విజయదశమి తర్వాత వచ్చే తొలి మంగళవారానికి ముందూ వెనకా, మా ఇంట్లో ఐదుగురికని చెప్పి పన్నెండు మంది దిగిన సందర్భాలున్నాయి. ఆ అదనపు మనుషుల లెక్కను డిపాజిట్‌లో కోయకండి. మనిషికి ఇంత అని అద్దెలోనే ముందుగా చెప్పి ఉంచండి. కరెంటు కూడా అంతే. డిపాజిట్ అనేది నష్టానికి మాత్రమేనని ఒకసారి గీత గీసుకుంటే లెక్క తేలికవుతుంది.

ఇంకొక మాట, అమ్మగారి వస్తువులు ఆ ఇంట్లో పెట్టకండి. బజారులో మళ్లీ కొనలేనిదానికి ఏ డిపాజిట్టూ సరిపోదు.


జవాబు 2
రాసినవారు: నాగావళి న్యాయవాది (శ్రీకాకుళం)

చట్టానికి సంబంధించిన భాగం నేను చెబుతాను. మీరు మర్నాడే 400 రూపాయలు తిరిగి పంపడం మర్యాదకు మించిన విషయం. చట్టం అడిగేదీ అదే.

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ఉల్లంఘన జరిగినప్పుడు చెల్లించాల్సిన మొత్తాన్ని ముందే రాసుకున్నా, నష్టపోయినవారికి దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారం మాత్రమే. రాసుకున్నాం కదా అని మొత్తం జప్తు చేసుకునే హక్కు దానంతట అది రాదు. ఈ విషయం మీద మౌలా బక్ష్ కేసులో 1969లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు బాగా ఉపయోగపడుతుంది. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేస్తానని ఒప్పుకున్న వ్యాపారి 10,000, 8,500 రూపాయల చొప్పున రెండు డిపాజిట్లు కట్టారు. ఆయన సరఫరా సక్రమంగా చేయకపోవడంతో ప్రభుత్వం ఆ రెండింటినీ జప్తు చేసింది. ఆ సరుకును బయట కొనడం వల్ల ఎంత అదనంగా ఖర్చయిందో ప్రభుత్వం లెక్క చూపగలిగి ఉండి కూడా చూపలేదు కాబట్టి, ఆ డిపాజిట్లను ఉంచుకునే అధికారం లేదని కోర్టు తేల్చింది. తప్పు చేసినది వ్యాపారే అయినా డబ్బు ఆయనకే తిరిగి వెళ్లింది. నష్టాన్ని లెక్కకట్టడానికి వీలున్న చోట లెక్క చూపించి తీరాలన్నది ఇందులోని సారం. పరుపు శుభ్రం చేయించిన రసీదు, దుప్పటి కొన్న బిల్లు, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన చీటీ మీ ఇంటికి సంబంధించిన లెక్కలు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా గుర్తుంచుకోండి. డబ్బు తీసుకుని బస ఇస్తున్నారు కాబట్టి దిగినవారు వినియోగదారులే. ఆ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో మితిమీరిన సెక్యూరిటీ డిపాజిట్ అడగడం మొట్టమొదటి ఉదాహరణగా ఉంది, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించడం రెండోది. అటువంటి ఒప్పందాల మీద ఫిర్యాదులను రాష్ట్ర వినియోగదారుల కమిషన్ వింటుంది. సేవాలోపం పేరుతో వేసే మామూలు ఫిర్యాదును మాత్రం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అదీ ఫిర్యాదుదారు తాను నివసించే ఊళ్లోనే వేసుకోవచ్చు, 5 లక్షల రూపాయల వరకు రుసుము ఏమీ లేదు, గడువు రెండేళ్లు. అంటే హైదరాబాద్‌లో ఉన్నవారు 400 రూపాయల కోసం అక్కడే ఫిర్యాదు వేస్తే, శ్రీకాకుళం నుంచి మీరు దానికి సమాధానం చెప్పుకోవాలి.

షరతులు రాసేటప్పుడు రెండు విషయాలు మరవకండి. ఇది అద్దె హక్కు కల్పించే లీజు కాదని, భారత ఈజ్‌మెంట్ల చట్టం, 1882లోని 52వ సెక్షన్ కింద కొద్ది రోజుల బసకు ఇచ్చే అనుమతి మాత్రమేనని ఒక వాక్యం ఉండాలి. అలాగే డిపాజిట్ మొత్తాన్ని ‘నష్టపరిహారం’ అని రాయకండి. అలా రాస్తే నష్టం ఎంత పెద్దదైనా పరిహారం ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. ‘జరిగిన నష్టాన్ని బట్టి అసలు ఖర్చు చెల్లించాలి, దానికి భద్రతగా ఈ మొత్తం ఉంచాము’ అని రాస్తే మిగతా సొమ్ము అడిగే దారి తెరిచే ఉంటుంది.

ఈ లెక్కన చూస్తే కార్తీక మాసపు కుటుంబం నుంచి పరుపు, దుప్పటి ఖర్చు వరకు ఉంచుకుని మిగిలినది తిరిగి ఇచ్చి ఉంటే బాగుండేది. చెంబుకు ఆధారం లేదు కాబట్టి దాని పేర ఏమీ ఉంచుకోలేరు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను.


జవాబు 3
రాసినవారు: రాజాం ఆడపడుచు (హైదరాబాద్)

నేను ఇళ్లు అద్దెకు ఇచ్చే మనిషిని కాను, దిగే మనిషిని. మాది రాజాం. పుట్టింట్లో ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి, పిల్లలతో ఊరికి వచ్చినప్పుడు ఇటువంటి ఇళ్లలోనే ఉంటాం. డిపాజిట్ కట్టినవారి వైపు నుంచి కూడా ఒక మాట వినాలని రాస్తున్నాను.

రెండేళ్ల కింద రథసప్తమికి అరసవల్లి వచ్చి, పట్టణంలో ఒకరి ఇంట్లో దిగాం. అర్ధరాత్రి నుంచే దర్శనానికి వరుస కట్టాలి కాబట్టి ఒంటిగంటకే ఇల్లు ఖాళీ చేశాం. ఆ సమయంలో చూసుకోవడానికి ఎవరూ రాలేదు, తాళం కుండీలో పెట్టి వెళ్లమన్నారు. డిపాజిట్ 3,000. వారం గడిచింది, పది రోజులు గడిచింది, ఫోన్ ఎత్తలేదు. చివరికి 1,800 పంపి, మిగిలినది ‘క్లీనింగ్, డ్యామేజ్’ అని ఒక్క ముక్క రాశారు. ఏం పాడైందో, దానికి ఎంత ఖర్చయిందో చెప్పలేదు. 1,200 రూపాయలు పోయినందుకు కాదు, మేము ఏదో పాడు చేసి చెప్పకుండా వెళ్లిపోయామన్న నింద మీదపడినందుకు మా అత్తయ్యగారు చాలా బాధపడ్డారు.

అందుకే అడుగుతున్నాను. కోయవలసి వస్తే కోయండి, కాని ఫొటో పంపండి, బిల్లు పంపండి, మా జవాబు కోసం ఒకరోజు ఆగండి. ఇల్లు ఊడ్చి తుడవడం అద్దెలో భాగం. ఆ పేరుతో డిపాజిట్ ముట్టుకోవద్దు. ఏమీ పాడు కాకపోతే తాళం తీసుకున్న రోజే పంపేయండి. మేము రైల్లో ఉండగానే డబ్బు తిరిగి వచ్చిన ఇంటిని మళ్లీ వెతుక్కుంటూ వెళ్లాం, మా తోడికోడలికీ ఆ ఇంటి నంబరే ఇచ్చాను.

చిన్నాన్నగారు కోసిన 400 తిరిగి పంపారని చదివి సంతోషం కలిగిందండీ. ఆ పెద్దాయన తప్పకుండా మంచిగానే అనుకుని ఉంటారు.


జవాబు 4
రాసినవారు: పలాస లెక్కలు (పలాస)

పన్ను గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జీఎస్టీ చట్టం ప్రకారం డిపాజిట్‌ను అద్దె కింద సర్దుబాటు చేసుకోనంత కాలం అది సేవకు ప్రతిఫలం కాదు కాబట్టి దాని మీద పన్ను పడదు. ఆస్తికి జరిగిన నష్టానికి పరిహారంగా తీసుకున్న సొమ్ము కూడా సేవకు ప్రతిఫలం కాదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ వివరించింది. గది రద్దు చేసుకున్నందుకు ఉంచుకునే సొమ్ము మాత్రం అలా కాదు, దానికి గది అద్దెకు వర్తించే పన్నే వర్తిస్తుంది. పైన విజయనగరం వారు అడ్వాన్సును, డిపాజిట్‌ను విడదీయమన్నది పన్ను లెక్కకూ పనికొస్తుందన్నమాట. మీ రాబడి ఏడాదికి 20 లక్షల రూపాయల లోపే ఉంటుంది కాబట్టి, మీకు వేరే వ్యాపారం లేకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు. రిజిస్టరైనవారు రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం కడుతున్నారు.

ఇళ్లను ఆన్‌లైన్‌లో అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీలో మీ ఇల్లు పెట్టే ఆలోచన ఉంటే, మామూలు యజమానులు అక్కడ విడిగా డిపాజిట్ వసూలు చేయడానికి ఆ సంస్థ నియమాలు ఒప్పుకోవు. నష్టం జరిగితే అతిథి వెళ్లిన 14 రోజుల లోపు ఫొటోలు, బిల్లులతో ఆ సంస్థ ద్వారానే అడగాలి. అతిథి 24 గంటల్లో స్పందించకపోతే లేదా ఒప్పుకోకపోతే సంస్థ కల్పించుకుంటుంది. కనుక వీడియో, బిల్లుల అలవాటు అక్కడా తప్పదు.

డిపాజిట్ డబ్బును ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకండి. నా దగ్గరికి వచ్చే ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు తిరిగివ్వడంలో ఆలస్యం చేయడానికి కారణం దురాశ కాదు, ఆ డబ్బు అప్పటికే కరెంటు బిల్లుకు ఖర్చయిపోవడమే. దానికంటూ ఒక పొదుపు ఖాతా పెట్టుకుంటే అది ఎవరి సొమ్మో ప్రతిసారీ కళ్లకు కనబడుతుంది.


ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: వంశధార ఒడ్డు (శ్రీకాకుళం)

ఇంత ఓపిగ్గా రాసిన నలుగురికీ కృతజ్ఞతలు. రాత్రి అన్నయ్యతో కూర్చుని అన్నీ చదివాను. డిపాజిట్‌ను ఒక రాత్రి అద్దెతో సమానంగా 2,500 చేస్తున్నాం, దానికి వేరే ఖాతా తెరుస్తున్నాం. తాళం తీసుకున్న రోజు సాయంత్రం లోపు మొత్తం తిరిగి పంపాలని, ఏదైనా కోయవలసి వస్తే ఫొటో, బిల్లు పంపి ఒకరోజు ఆగి మూడో రోజుకల్లా లెక్క తేల్చాలని నిర్ణయించుకున్నాం. షరతుల కాగితం న్యాయవాదిగారు చెప్పినట్లే తెలుగులో రాసుకున్నాం. బరంపురం వైపు నుంచి వచ్చేవారి కోసం ఒడియాలో కూడా ఒక ప్రతి రాయించాలనుకుంటున్నాం.

ఒక్క విషయంలో మాత్రం విజయనగరం వారి పద్ధతికి నేను చిన్న మార్పు చేసుకుంటున్నాను. లోపాలు గంటలోపు చెప్పమన్నారు. మా ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి రెగ్యులేటర్లు, స్విచ్‌లు, కుళాయిల మరలు, తలుపు గొళ్లాలు ఎప్పుడు మొరాయిస్తాయో మాకే తెలియదు, వచ్చినవారికి గంటలో ఎలా తెలుస్తుంది? అందుకని ఉప్పుగాలికి పాడయ్యే వస్తువులన్నింటినీ పేరుపేరునా రాసి, అవి బస మధ్యలో ఎప్పుడు పని చేయకపోయినా ఫోన్ చేస్తే మేమే బాగు చేయిస్తామని, వాటికి డిపాజిట్‌లోంచి ఏమీ తీసుకోమని కాగితంలో చేర్చాం. చిన్నాన్న మొదట ఒప్పుకోలేదు, అందరూ దానినే సాకుగా చూపుతారన్నారు. రెండు నెలలు చూసి మాట్లాడుకుందామని ఒప్పించాను.

చెంబు గురించి న్యాయవాదిగారు చెప్పిన మాట నిజమే. పరుపు శుభ్రం చేయించినందుకు 700, దుప్పటికి 850 అయింది. ఆ రెండు బిల్లులూ పెట్టి, మిగిలిన 450 రూపాయలు ఈ ఉదయం ఆ కార్తీక మాసపు కుటుంబం నంబరుకు పంపాను, చెంబు విషయంలో ఆధారం లేకుండా అడిగినందుకు మన్నించమని రాశాను. మధ్యాహ్నం ఆ ఇంటావిడే ఫోన్ చేశారు. దుప్పటి మీద పసుపు పడింది తమ పాప వల్లేనని, ఆ రోజు చెప్పడానికి మొహమాటపడ్డానని అన్నారు. చెంబు వంటగది అటక మీద చూశారా అని అడిగారు. రేపు వెళ్లి చూడమని చిన్నాన్నకు చెప్పాను.


జవాబు 1 రాసినవారు: కోట వీధి (విజయనగరం)

ఉప్పుగాలి షరతు మంచిది. మా ఊళ్లో ఆ బెడద లేక నాకు తోచలేదు. మీ ఇంటి పాతబడ్డ స్విచ్‌లను రాగి బదులు నికెల్ పూత ఉన్నవాటితో మార్చించే వీలుందేమో ఎలక్ట్రీషియన్‌ను ఒకసారి అడగండి. అటక మీద చెంబు దొరికితే వీలు చూసుకుని తెలియజేయండి.